ఎర్రక్క తిప్పిన ట్రే

బడిపిల్లల కోసం అయస్కాంతాలు తయారుచేసే ఆ చిన్న కార్ఖానాలో ఆమెను అందరూ ఎర్రక్క అనే పిలిచేవారు. కడ్డీ అయస్కాంతానికి ఉత్తరపు కొసన ఎరుపు, రెండో కొసన నీలం వేయడం ఆమె పని. నీలం కడిగితే పోయేది, ఎరుపు మాత్రం గోళ్లను వదిలేది కాదు. ఆమె పనికి వంక పెట్టినవాళ్లు లేరు. పెడితే ఊరుకునే మనిషీ కాదు.

ఉక్కు కడ్డీలను కరెంటు తీగచుట్టలో పెట్టి అయస్కాంతాలుగా మార్చేది ఆమె తోడికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. మాటలు మాత్రం లేవు. బట్టలారేసే తీగ దగ్గర మొదలైన తగవు అది. ఎవరి బట్టలు ఎవరు పక్కకు నెట్టారో ఇద్దరికీ గుర్తులేదు గానీ పంతం చెక్కుచెదరలేదు. ఇంట్లో అవసరాలు మొగుళ్ల ద్వారా నడిచేవి. కార్ఖానాలో అదీ అక్కర్లేదు. ఉత్తరపు కొసలన్నీ కుడివైపుకు పేర్చి తోడికోడలు ట్రే ఇస్తుంది, ఎర్రక్క కుడికొసలకు ఎరుపు వేస్తుంది. నోరు విప్పకుండా బతకడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉంటుందా?

ఒకరోజు మబ్బుపట్టి వెలుతురు చాలక, ఎర్రక్క ఇంకా రంగు వేయని ఒక ట్రేను కిటికీ దగ్గరికి మార్చింది. మార్చడంలో అది అటుదిటు తిరిగింది. ఆమె మాత్రం ఎప్పటిలాగే కుడికొసలకు ఎరుపు వేసేసింది. తర్వాత ఒక్కో అయస్కాంతం మీద కాగితం పరిచి, ఇనుప రజను చల్లి, వేలితో తట్టి చూసింది. రజను ఈ కొస నుంచి ఆ కొసకు వంపు తిరిగి గీతలు కట్టింది. ముచ్చటగా ఉంది. అయితే ఏ కొస ఉత్తరమో ఆ గీతలు చెప్పవు. చెప్పేది దిక్సూచి. దాన్ని బయటికి తీసే ఓపిక ఎవరికుంది?

కొన్నాళ్లకు ఒక బడి నుంచి పెట్టెలు వెనక్కి వచ్చాయి. ఎరుపు కొసనూ నీలం కొసనూ ఎదురెదురుగా పెట్టి రజను చల్లితే గీతలు ఇటునుంచి అటు కలిసిపోవాలి. ఆ ట్రేలోవి మిగతావాటితో కలిసిపోవడంతో ఇవి పెడమొహం పెట్టాయి.

"కడ్డీలు తిరగేసి పెట్టావా? రేపట్నుంచి రానక్కర్లేదు," అని యజమాని తోడికోడలి మీద విరుచుకుపడ్డాడు. ఆమె నేలచూపులు చూస్తూ నిలబడింది.

ఎర్రక్కకు కిటికీ గుర్తొచ్చింది. పోనీలే, పీడా పోతుందని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, ఆయన తిట్లన్నీ అయ్యేదాకా అలాగే అనిపించింది. తోడికోడలు టిఫిన్ డబ్బా అందుకుని గుమ్మం దాకా వెళ్లాక గానీ ఎర్రక్కకు నోరు పెగల్లేదు.

"ట్రే తిప్పింది నేనండీ. వెలుతురు కోసం."

కొత్తగా రంగులామెను వెతుక్కునే ఓపిక యజమానికీ లేదు. "అయితే ఇద్దరూ కూర్చోండి. ఒకరు దిక్సూచి పెట్టి చెప్పండి, ఒకరు రంగెయ్యండి," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

"ఇటు," అంది తోడికోడలు. ఎర్రక్క వేసింది. "ఇది అటు." వేసింది. మూడో అయస్కాంతం దగ్గర తోడికోడలు, "ఆ రోజు నువ్వు ట్రే తిప్పడం చూశానక్కా," అంది.

"చూశావా? అప్పుడే చెప్పొచ్చుగా?"

"మనకి మాటల్లేవుగా."

"మరి ఇందాక? పోయేది నీ పనే కదా?"

"నువ్వు చెప్తావో లేదో చూద్దామని ఊరుకున్నా."

నేను చెప్పకపోయుంటేనో, అని అడగబోయి ఎర్రక్క ఆగిపోయింది. సిగ్గుతో ఆమె మొహం కందిపోయింది.