రెండో పిడికిలి

రాగిపిండి పొట్లం విప్పి ఆ పచ్చి వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి దానంతట అదే ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. ఆ తర్వాత ఇంకొక పిడికెడు.

మొదటిది మా అవ్వ నేర్పింది. పెనుకొండ పక్కన మా ఊళ్లో, ప్రార్థన చేసుకునే ఇళ్లలో ఆడవాళ్లు ఎసరు పెట్టగానే ఒక పిడికెడు పిండి దేవుని కుండలో వేసి, ఆదివారం చర్చికి తీసుకెళ్లేవాళ్లు. చలికాలపు పొగమంచు, క్రిస్మస్ ముందు ఇంటింటా ఉడికే ఓళిగల పూర్ణం, చర్చి అరుగు మీద మా గచ్చకాయల ఆట, ఏది తలుచుకున్నా వెనక ఆ కుండ కనబడుతుంది. మా అవ్వ కుండ మాత్రం ఆదివారం దాకా ఆగేది కాదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఎలా తెలిసేదో గానీ, పిండి కొంగున కట్టుకొని బయలుదేరేది. చర్చి అయ్యగారు కోప్పడితే, "దేవుడు ఆడనే ఆకలితో ఉండాడు సామీ, ఈడ ఆయనకేం తక్కువ?" అనేది.

ఒక ఎండాకాలం ఊరికి అమ్మవారు, అదే మశూచి, వచ్చింది. పెద్దరైతు ఇంటి కోడలు లక్ష్మీదేవికి ఒళ్లంతా పోస్తే, ఆమెను తోటలోని కొట్టంలో పడుకోబెట్టి, వాకిట వేపమండలు గుచ్చి, ఇంటిల్లిపాదీ ధర్మవరం వెళ్లిపోయారు. మా అవ్వ చేతి నీళ్లు ఏనాడూ ముట్టని ఇల్లు అది. చిన్నప్పుడే ఆ జబ్బు చేసి ముఖమంతా గుంటలు పడిన మా అవ్వ, రోజూ గంజి కాచి తీసుకెళ్లి, ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకొని తాపించేది.

ఐదో రోజు అవ్వకు చలిజ్వరం. లేవలేక నన్ను పిలిచింది.

"నీకు టీకా ఏసినారు, ఏం కాదు. వాకిట్లో పెట్టొద్దు, ఆ బిడ్డ లేసి రాలేదు. పక్కన కూకోని తాపించి రా అమ్మీ."

పదేళ్లదాన్ని. కొట్టం దగ్గరికి పోయేసరికి ఈగల మోత, చీము వాసన. నా అడుగుల చప్పుడు విని లోపలినుంచి సన్నని గొంతు వచ్చింది: "అవ్వా, వచ్చినావా?" అయ్యో, ఆ గొంతులో ఎంత సంతోషం! నేను గంజి చెంబు గడప దగ్గర పెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తాను.

"తాగిందా?" అని అడిగింది అవ్వ.

"తాగిందవ్వా."

పాడు నోరు, ఒక్క క్షణం తడబడలేదు. అవ్వ ఆ జ్వరంలోనే చేతులు జోడించి దేవునికి స్తోత్రం చెప్పింది.

మరునాడు ఒళ్లు కాలుతుండగానే వెళ్లింది. లక్ష్మీదేవి పక్క మీద లేదు. దేక్కుంటూ వాకిలి దాకా వచ్చి, చెంబుకు మూరెడు దూరంలో ప్రాణం విడిచింది. ఈ మాట అవ్వ నాకు చెప్పలేదు, మట్టి చేసినవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

అవ్వ మూత తియ్యని చెంబుతో తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"బయమైందా?"

తలూపాను.

"బయమైందని సెప్పింటే, నేను దేక్కుంటానైనా పోతాంటి గదమ్మా" అని నన్ను గుండెకు అదుముకొని ఏడ్చింది. ఆనాటి నుంచి, కన్నుమూసేదాకా, కుండలో రెండు పిడికిళ్లు వేసింది.

ఇప్పుడు ఆ జబ్బు లోకంలోనే లేదు. తోట పోయి ఇళ్లు లేచాయి. దేవుని కుండకు బదులు నా వంటింట్లో ప్లాస్టిక్ డబ్బా ఉంది. అది నిండితే ఎవరికీ ఇచ్చి పంపను, నేనే మోసుకెళ్లి, గడప దాటి, మంచాన పడ్డవాళ్ల పక్కన కూర్చుంటాను. అయినా రెండో పిడికిలి వేసేటప్పుడల్లా అవ్వ అడుగుతుంది, తాగిందా అని.

"లేదవ్వా" అంటాను. "తాగలేదు."