బంట్రోతు తాత కుర్చీ

మా పక్కింటి బంట్రోతు తాత పోయాడని మొన్న పొద్దున కళ్యాణదుర్గంలో మా ఆఫీసుకు కబురొచ్చింది. ఈ ఏడూ వానలు లేవు. కరువు పనుల మీద ఊళ్లు తిరిగి తిరిగి అప్పటికే సొలసిపోయి ఉన్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేక, సంచి భుజానేసుకుని కంబదూరు బస్సెక్కాను.

తాత అనంతపురంలో పెద్ద దొర గది బయట ముప్పై ఏళ్లు బంట్రోతుగా చేసి ఊరు చేరినవాడు. మాకు చుట్టం కాదు.

నేను ఎస్సెస్సెల్సీ పాసైన ఏడాదీ ఇలాంటి కరువే. నాయన ఎద్దులను అమ్మేశాడు. గ్రామసేవిక ఉద్యోగానికి ఇంటర్వ్యూకు రమ్మని నాకు కార్డు వచ్చింది. ఆ ఉద్యోగం రాకపోతే ఇల్లు మూసి అందరం బళ్లారి వైపు కూలికి పోవాల్సిందేనని నాయన తేల్చి చెప్పాడు. ఇంటర్వ్యూ అంటే ఏమిటో మా ఇంట్లో తెలిసినవాళ్లు లేరు. తాతకు మాత్రం ఏం తెలుసు? లోపలికి పోయేవాళ్లనూ బయటికొచ్చేవాళ్లనూ చూశాడు, అంతే. అది చాల్లే అన్నాడు.

రిటైరైన రోజు ఆఫీసువాళ్లు ఆయనకొక చేతుల కుర్చీ ఇచ్చారు. దాంట్లో ఆయన కూర్చోగా ఎవరూ చూడలేదు. తాత భార్య, అవ్వ, దాని మీద మడిచిన బట్టలు పెట్టేది. ఆ బట్టలు దించి, కుర్చీని నడింట్లో వేసి, వారం రోజులు నన్ను వాకిట్లోంచి లోపలికి నడిపించాడు. పైట సర్దుకోవద్దు, చేతులు కట్టుకోవద్దు, తల దించొద్దు. నేను విసిగిపోయి, దొరవు నువ్వే కదా, కూర్చుని అడుగు తాతా అన్నాను. ఆయన కుర్చీ పక్కనే నిలబడ్డాడు.

"ఆడ కూచుంటే నాకు మాట రాదు పాపా. నువ్వు కుర్చీకే చెప్పు, నేనింటా ఉంటా."

ఖాళీ కుర్చీకి నమస్కారం పెట్టి జవాబులు చెప్పాను. తెలియనిదానికి ఏదో అల్లబోతే ఆపేవాడు.

"తెల్దంటే తెల్దని చెప్పు. తెల్సినట్ల చెప్పినోళ్లు బయటికి పోయినాక లోపల నగుతారు. తలుపు కాడ నిలబడి ఇన్నోణ్ణి."

ఇంకో మాట మరీ మరీ చెప్పాడు. "కూచోమనేదాకా కూచోవద్దు."

అనంతపురంలో ఇంటర్వ్యూ రోజు తల దించకుండా లోపలికి నడిచాను. ఎదురుగా ఉన్న దొరను ఖాళీ కుర్చీ అనుకున్నాను. రెండు ప్రశ్నలకు తెలియదన్నాను. ఆయన కూర్చోమనడం మరిచిపోయాడు, అంతసేపూ నిలబడే చెప్పాను. ఉద్యోగం వచ్చింది. మా ఇంటికి తాళం పడలేదు. ఇంటిల్లిపాదీ ఊళ్లో మిగిలామంటే తాత చలవే.

తర్వాత ఎప్పుడైనా మా ఆఫీసుకొస్తే తలుపు దగ్గరే నిలబడేవాడు. బెంచీ చూపించి కోప్పడేదాన్ని. దొర గంట కొడితే మళ్లీ లేయాల్సిందే కదమ్మా అని నవ్వేవాడు. ఆయన పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉండేవి. అలా కోప్పడినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బస్సు దిగి తాత ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాళ్లు లింగాయతులు. పోయినవాళ్లను పడుకోబెట్టరు, కూర్చోబెట్టే సాగనంపుతారు. తాత నొసట విభూతి పెట్టి, ఆ చేతుల కుర్చీలోనే కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో కట్టారు. ఇన్నేళ్లకు ఆయన దాంట్లో కూర్చోవడం చూశాను.

నేను ఎదురుగా నిలబడ్డాను. పైట సర్దుకోలేదు, చేతులు కట్టుకోలేదు. పొద్దున్నుంచీ కాళ్లు లాగుతూనే ఉన్నాయి. అవ్వ చాప చూపించి, కూచో తల్లీ అంది.

తాత అనలేదు కదా. నిలబడే ఉన్నాను.