జేబెజ్ హాలమ్ గొర్రె తావు దాటదు

మా కొండ మీద కంచెలు లేవు. ఎవరి గొర్రెలు ఎక్కడ మేయాలో ఆ గొర్రెలకే తెలుసు. తల్లి గొర్రె పిల్లను వెంటేసుకుని ఈ బండ నుంచి ఆ వాగు దాకా తిరుగుతుంది. ఆ పిల్ల పెద్దదై తన పిల్లకు అదే మేర చూపిస్తుంది. దాన్నే మేము తావు అంటాం. పొలం అమ్ముకున్నా తావు పట్టిన మందను మాత్రం పొలంతోనే వదిలి వెళ్తాం. కొత్త మందను తెచ్చి వదిలితే అది మర్నాటికి ఏ పక్క లోయలోనో తేలుతుంది.

ఇదంతా దేవుడూ గొర్రెలూ కలిసి చేసుకున్న ఏర్పాటు. జేబెజ్ హాలమ్ మాత్రం దీన్ని తన సొంత గొప్పల్లో కలిపేసుకున్నాడు. "హాలమ్ గొర్రె తావు దాటదు" అనే మాట అతని నోట పెళ్ళింట్లో విన్నాం, పంట పండగలో విన్నాం, చివరికి ఐర్ ముసలమ్మను పూడ్చి వస్తుంటే దారిలో కూడా విన్నాం. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరి గొర్రె ఈనుతున్నా అందరికంటే ముందు చేయి వేస్తాడు. వేసిన చేయి కడుక్కోకముందే తన గొప్ప మొదలుపెడతాడు, అంతే తేడా.

ఆ గొప్పకు ఏటా పెద్దపీట వేసేది నవంబరులో జరిగే కాపరుల కూటమి. కొండ మీద దారి తప్పి తమ మందలో కలిసిన పరాయి గొర్రెలను ఆ రోజు అందరూ పబ్బు వెనక దొడ్డికి తోలుకొస్తారు. కూటమి పెద్ద ఒక్కోదాన్ని చెవి పట్టి నిలబెట్టి, చెవి మీది కోత చూసి, భుజం మీది రంగు గుర్తు చూసి, "ఎవరిదిది?" అని అరుస్తాడు. యజమాని అందరి ముందూ లేచి "నాదే" అనాలి. తోలుకొచ్చినవాడికి బీరు పోయించాలి, మిగతావాళ్ళ ఎకసెక్కాలు దిగమింగాలి. భోజనాలు వడ్డించేలోపు అడిగేవాళ్ళు లేకపోతే ఆ గొర్రె దొరికినవాడికే దక్కుతుంది. పెళ్ళయిన నాటి నుంచి జేబెజ్ ఒక్కసారి కూడా లేవలేదు. భుజం మీద ఎర్రటి చార ఉన్న హాలమ్ గొర్రె ఆ దొడ్డిలో ఎన్నడూ కనబడలేదు. మిగతావాళ్ళు లేచినప్పుడల్లా అతను వెనక్కి జారబడి, గొర్రెలను పెంచడం ఎట్లాగో సలహాలిచ్చేవాడు.

నేను చెప్పబోయే ఏడు ఆ గొప్ప తలకెక్కింది. కూటమి పెద్ద ఏమస్ ఐర్‌కు మోకాళ్ళు పోయాయి. పొట్టేలు కొమ్ముతో పిడి చేసిన పెద్దరికపు కర్రను ఆ కూటమిలో ఎవరో ఒకరికి అప్పగిస్తానన్నాడు. గొర్రె తప్పిపోనివాడికే ఆ కర్ర దక్కాలని జేబెజ్ లోయంతా తిరిగి చెప్పి వచ్చాడు. అట్లాంటివాడు లోయలో ఒక్కడే ఉన్నాడన్న సంగతి వినేవాళ్ళకే వదిలేశాడు. పొయ్యి పక్క గోడకు కర్ర వేలాడదీయడానికి మేకు కూడా కొట్టాడు. పశువుల కొట్టంలో ఆవు చెవి పట్టుకుని "ఎవరిదిది?" అని అరవడం సాధన చేస్తుంటే భార్య ఎడ్నా విన్నది. ఆవు పాలు ఎగచేపింది.

కూటమి రేపనగా మధ్యాహ్నం అతను బూట్లు తొడుక్కుంటున్నాడు.

"మంచు దిగేట్టుంది. ఇవాళ పైకెందుకు?" అంది ఎడ్నా.

"రేపు కర్ర అందుకునేవాడు ఇవాళ మందను ఓసారి చూసుకోవద్దూ?"

"కర్ర ఇంకా ఏమస్ తాత చేతిలోనే ఉంది. కుక్క కుంటుతోంది, అది కూడా లేకుండా పోతావా?"

"కుక్కెందుకే? కళ్ళకు గంతలు కట్టి నన్ను కొండ మీద వదిలెయ్. టీ నీళ్ళు మరిగేలోపు ఇంట్లో ఉంటా."

బల్ల మీద గుడ్డ కప్పిన ప్లమ్ కేకు ఉంది. జేబెజ్ చేయి అటు పోయింది. ఎడ్నా ఆ చేతి మీద ఒక్కటేసింది.

"అది నీకు కాదు."

"మరెవరికి?"

"అడిగినవాళ్ళకు కాదు. పోయి రా, తొందరగా రా."

మా కొండ పైకి పోయాక మట్టి ఉండదు. ఎన్ని తరాల నాచో కుళ్ళి, నాచు మీద నాచు పేరుకుని, నల్లటి మెత్తటి ముద్దయింది. దాన్ని వాన నీళ్ళు మనిషెత్తు కాలువలుగా కోసేశాయి. ఒక కాలువకూ ఇంకో కాలువకూ అన్నదమ్ముల పోలిక. వంకరముక్కు పిట్టలు వేసవి కాగానే సముద్రం దారి పట్టాయి. ఊదారంగు హెదర్ పూలు వాడి తుప్పు రంగుకు తిరిగాయి. మిగిలింది పొదకోళ్ళే. మనిషి కాలి కింద నుంచి బుర్రున లేచి "పో వెనక్కి, పో వెనక్కి" అని కూస్తూ పోతాయి. మాకందరికీ ఆ కూత అట్లాగే వినబడుతుంది.

"నువ్వే పో," అన్నాడు జేబెజ్.

ఇంకాస్త పైన ఒక కుందేలు కనబడింది. మా కొండ కుందేళ్ళు చలికాలానికి తెల్లబడతాయి, మంచు పడినా పడకపోయినా. ఆ ఏడు ఇంకా మంచు పడలేదు. నల్లటి బురద మధ్యన అది తెల్లగా, కదలకుండా, చెవులు వెనక్కి వేసుకుని కూర్చుంది. "ఎవరికీ కనబడట్లేదనుకుంటోంది వెర్రిమొహం!" అని జేబెజ్ విరగబడి నవ్వాడు. నవ్వి తలెత్తేసరికి లోయ లేదు.

పొగమంచు దిగింది. మొదట అతనేమీ కంగారు పడలేదు. గాలి ఎడమ చెంపకు తగిలేట్టు నడిస్తే కొండ దిగువ రాతి గోడ వస్తుందనుకున్నాడు. గాలి ఆగిపోయింది. వాగు చప్పుడు పట్టుకుని పోదామనుకున్నాడు. చప్పుడు నాలుగు వైపుల నుంచీ వచ్చింది. పత్తిగడ్డి మొలిచిన చోట అడుగు వేయకూడదని మా పిల్లలకు నడకతో పాటే నేర్పుతాం. జేబెజ్ నేరుగా దాని మధ్యకే నడిచాడు. తొడ దాకా దిగబడి, పొర్లి, పాకి, ఎట్లాగో బయటపడ్డాడు. కుడి బూటును కొండ ఉంచేసుకుంది.

ఒక కాలువ అడుగున ఎవరివో అడుగుల జాడలు కనబడ్డాయి. మడమ మేకులు రెండు ఊడిన బూటు. "ఈ మంచులో కొండెక్కిన తెలివితక్కువ వెధవెవడో!" అని తిట్టుకుంటూ ఆ జాడ వెంట పోయాడు. కొంత దూరం పోయాక జాడలు రెండు వరసలయ్యాయి. అప్పుడు ఎడమ కాలు ఎత్తి మడమ చూసుకున్నాడు. మేకులు రెండు లేవు.

అక్కడే చతికిలబడ్డాడు. భయం వేసింది. ఉత్త భయం. ఈ కొండ ఎంతమందిని ఉంచేసుకుందో అతనికి తెలుసు. వాళ్ళను వెతకడానికి వెళ్ళినవాళ్ళలో అతనూ ఉన్నాడు. టీ నీళ్ళు మరిగి, ఆవిరైపోయి, ఎడ్నా గుమ్మంలో నిలబడి ఉంటుందని తలుచుకున్నాడు. "ఎడ్నా!" అని అరిచాడు. పొదకోడి ఒకటి పో వెనక్కి అంది.

అంతలో మంచులోంచి ఒక గొర్రె నడిచొచ్చింది. భుజం మీద ఎర్ర చార. చిరిగిన ఎడమ చెవి. ఎడ్నా దొరసాని అని పిలిచే ముసలి గొర్రె. అది జేబెజ్‌ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నెమరు ఆపకుండా తన దారిన పోయింది. జేబెజ్ ఒక్క గంతులో దాని ఉన్ని పట్టుకున్నాడు.

"నా తల్లే! పద ఇంటికి. హాలమ్ గొర్రె తావు దాటదు," అన్నాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

దొరసాని ఎక్కడా తడబడలేదు. బురద తప్పించి, కాలువ దాటించి, దిగువకు తీసుకుపోయింది. ఒక గోడ వచ్చింది. గోడకు గేటు ఉంది. దొరసాని ముక్కుతో గడియ ఎత్తి లోపలికి పోయి గడ్డి తొట్టి దగ్గర నిలబడింది. ఎదురుగా కిటికీలో దీపం వెలుగుతోంది. జేబెజ్ ప్రాణం లేచొచ్చింది, ప్రాణంతో పాటే గొంతూ లేచింది.

"ఎడ్నా! టీ పొయ్యి! చెప్పానా లేదా, కళ్ళకు గంతలు కట్టినా వస్తానని!"

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో సెత్ లాంగ్‌డెన్ నిలబడి ఉన్నాడు. కొండకు అవతలి వైపున ఒంటరిగా ఉండే మనిషి. ఒక్కో మాటనూ తూకం వేసి బయటికి వదులుతాడు.

"టీ ఉంది," అన్నాడు సెత్. "ఎడ్నా మాత్రం లేదు."

సెత్ అతని ఉత్తి కాలును చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఓట్స్ రొట్టె మీద వెన్న రాసి చేతికిచ్చాడు.

"దొరసాని రోజూ ఈ వేళకే వస్తుంది," అన్నాడు. "నువ్వే కొత్త."

"రోజూ ఏంట్రా?"

"ఏటా ఆకు రాలేనాటికి వస్తుంది. నా గడ్డి బాగుంటుంది కదా! కూటమి ముందు రోజు మీ ఆవిడ ఓ కేకు పట్టుకొచ్చి దీన్ని తోలుకుపోతుంది. దీని తల్లప్పుడూ అంతే. కేకు మంచిది. నేను నోరెత్తలేదు."

జేబెజ్ చేతిలో రొట్టె ఆగిపోయింది. పెళ్ళయిన నాటి నుంచి వెనక్కి జారబడి ఇచ్చిన సలహాలన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి.

"ఒరే సెత్, నీ కాళ్ళు పట్టుకుంటా. రేపు దీన్ని దొడ్డికి తేకురా. నా కర్ర పోతుంది."

"ఈ ఏడు కేకు రాలేదు," అన్నాడు సెత్. "నా నేల మీద దొరికింది నాది కాకపోతే దొడ్డికి తోలాలి. అది మనం పెట్టుకున్న మాట. ఇవాళ రెండు దొరికాయి. మంచు తెరిపివ్వగానే ఒకదాన్ని గట్టు దాటించి వదిలేస్తా. రెండోది తెస్తా. ఏది తెమ్మంటావో నువ్వే చెప్పు."

ఈ ప్రశ్నకు బుద్ధున్నవాడైతే గొర్రెను తెమ్మనేవాడు. జేబెజ్‌కు గొప్ప ఉంది, బుద్ధి తర్వాత వచ్చేది. మనిషి తప్పిపోకూడదని ఏ కూటమిలోనూ అనుకోలేదు కదా, గొర్రె తావు దాటకపోతే చాలు కదా అని లెక్క చూసుకున్నాడు.

"నన్నే," అన్నాడు.

మర్నాడు పొద్దున మంచు విడిపోయింది. రాత్రంతా కుంటికుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎడ్నా, తెల్లారగానే పబ్బుకు బయలుదేరింది. తప్పిపోయినవన్నీ చేరేది అక్కడికే గనక. ఆమె పోయేసరికి దొడ్డి చుట్టూ లోయంతా మూగి ఉంది. ఏడెనిమిది గొర్రెల మధ్యన, ఒక కాలికి బూటుతో, ఇంకో కాలికి సెత్ లాంగ్‌డెన్ గోనెపట్టాతో జేబెజ్ హాలమ్ నిలబడి ఉన్నాడు. ఎడ్నా గోడ పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. బతికే ఉన్నాడు. తర్వాత కళ్ళు తెరిచింది, అప్పుడు కోపం వచ్చింది.

గొర్రెలన్నీ అయ్యాక ఏమస్ ఐర్ కుంటుతూ వచ్చి జేబెజ్ చెవి పట్టుకున్నాడు.

"ముసలిది. చెవికి కోత లేదు. భుజాన గుర్తు లేదు. లాంగ్‌డెన్ దొడ్డిలో దొరికింది. ఎవరిదిది?"

జనం విరగబడి నవ్వారు. జేబెజ్ ఎడ్నా వైపు చూశాడు. ఎడ్నా పలకలేదు. నవ్వు సద్దుమణిగింది. ఏమస్ రెండోసారి అడిగాడు. లోపల్నుంచి మాంసం కూరి కాల్చిన రొట్టె వాసన, ఎర్ర క్యాబేజీ ఊరగాయ వాసన వస్తున్నాయి. వడ్డనకు ఎంతోసేపు లేదు.

"దొరికినవాణ్ణే ఉంచుకోమందామా?" అని ఎవరో అన్నారు.

"నాకొద్దు బాబూ," అన్నాడు సెత్. "తిండి ఎక్కువ."

తమాషా అని జేబెజ్‌కు తెలుసు. అయినా ఎడ్నా పెదవి కదలకపోయేసరికి నిన్నటి మంచు మళ్ళీ కమ్ముకున్నట్టయింది. ఎడ్నా గోడ మీదికి వంగింది.

"నాదని అడుగుతాను," అంది. "ముందు దాన్నొక మాట చెప్పమనండి తాతా. దొరసాని ఎక్కడ మేస్తుందో."

అందరూ జేబెజ్ వైపు తిరిగారు. అతను గోనెపట్టా చుట్టిన కాలి వంక చూసుకున్నాడు. పొయ్యి పక్కన గోడకు కొట్టిన మేకు గుర్తొచ్చింది.

"సెత్ దగ్గర," అన్నాడు. "ఏటా. దాని తల్లి కూడా. నా గొర్రె తావు దాటుతుంది. నేనూ దాటాను. నిన్న నా అడుగుల వెనకే నేను తిరిగాను. ఏడ్చాను కూడా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయితే నాదే," అంది ఎడ్నా. "సెత్‌కు బీరు పొయ్యండి."

కర్ర ఆ రోజు ఎవరికీ దక్కలేదు. ఏమస్ దొడ్డి చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒకసారి చూసి, తన మోకాళ్ళు ఇంకో ఏడాది పనికొస్తాయిలే అన్నాడు. ఇంటికి వెళ్ళగానే ఎడ్నా గొర్రెల రంగు డబ్బా తీసింది. జేబెజ్ కోటు ఎడమ భుజం మీద అడ్డంగా ఎర్రటి చార గీసింది. ఎక్కడ తేలినా ఎవరిదో తెలియాలంది. అతను నిలబడి గీయించుకున్నాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. కోటు మోచేతుల దగ్గర చిరిగితే అతుకు వేయించాడు, రంగు వెలిస్తే ఏటా గొర్రెలతో పాటు వరసలో నిలబడి మళ్ళీ గీయించుకున్నాడు. ఇప్పుడతను లేడు. మొన్న ఎడ్నాను చూడ్డానికి వెళ్తే పొయ్యి పక్క మేకుకు ఆ కోటు వేలాడుతోంది. భుజం మీది చార తడిగా, అప్పుడే గీసినట్టు ఉంది.