గోదారిల విడిచిన రావి

మొన్నటి ఎండాకాలం సంగతి. కోరుట్లల మా పక్కింట్ల ఉండే రిటైర్డ్ టీచర్ సార్ సిరిసిల్లకు ఇల్లు మారుతూ, పదేండ్ల సంది పెంచుకున్న రావి బోన్సాయ్‌ని నా చేతిల పెట్టిండు. జానెడు చెట్టు. "నువ్వైతే మంచిగ చూస్తవు బిడ్డా" అన్నడు.

నాకు బోన్సాయ్ అంటే ఏందో తెల్వదు. ఎండకు మాడుతదేమోనని కూలర్ ఉన్న గదిల పెట్టిన. పది రోజులల్ల ఆకులన్నీ రాలి ఉత్త కొమ్మలు మిగిలినయి. సార్‌కు చెప్పడానికి మొహం చెల్లలేదు.

"రావిని చెత్తబండిల ఎయ్యొద్దు, పాపం తగుల్తది" అన్నది మా అత్తమ్మ. అందుకే ఇద్దరం బస్సుల ధర్మపురికి పోయినం. పసుపు కుంకుమ పెట్టి, మొక్కి, చెట్టును గోదారిల విడిచినం. అంతకుముందు కుండీలకెళ్లి తీస్తుంటే నా గాజు తగిలి బెరడు కొద్దిగ లేచింది. లోపల లేత పచ్చగ కనిపించింది. నేను పట్టించుకోలే.

వారం తర్వాత సార్ ఫోన్ చేసి చెట్టు ఎట్లుందని అడిగితే ఏడ్చుకుంట అంత చెప్పిన. ఆయన మెల్లగ, "జాగ మారితే రావి ఆకులు రాలుస్తది బిడ్డా, మల్ల చిగురు పెడ్తది. బెరడు గీకి చూసినవా? లోపల పచ్చగుంటే బతికున్నట్టే" అన్నడు.

"చూడలేదు సార్" అన్న.

సార్ పేపర్ల ఈ పేజీ తప్పకుండ చదువుతడు. ఫోన్ల నోరు రాలేదు గని, ఇక్కడ రాస్తున్న. చూసిన సార్. పచ్చగనే ఉండె.

– స్వరూప, కోరుట్ల