వాల్వు మామ చేసిన రేకుపెట్టె

ఆ రోజుల్లో, మనిషికి చెవులు పుట్టుకతో వచ్చినా పాట వినడం మాత్రం పత్రికలు చదివే నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. పెళ్లయి రెండేళ్లు. కాపురం హిందూపురంలో, గుమాస్తా ఉద్యోగం పెనుకొండలో. బెంగుళూరులో పాత పుస్తకాల అంగట్లో దొరికిన రెండు ఇంగ్లీషు పత్రికలను పోను రాను బస్సులో చదివీ చదివీ, ట్రాన్సిస్టరులో వచ్చేది వట్టి చప్పుడనీ, అసలు పాట, దాని వెచ్చదనం వాల్వు ఆంప్లిఫయరులోనే ఉంటాయనీ తేల్చుకున్నాను. (వాల్వంటే పాత రేడియోల వెనక ఎర్రగా వెలిగే గాజుబుడ్డి. మా నాయన రేడియోలోనూ అవే ఉండేవి. దాన్ని పాత సామాన్లవాడికి వేసింది కూడా నేనే.) ఇంట్లో శెనక్కాయల మూటలు వేసుకునే చిన్న గది ఒకటుంటే, మూటలను నడవలోకి గెంటి దాన్ని పాటలు వినే గదిగా మార్చాను. ప్రతిధ్వని రాకుండా హోటలువాళ్లను బతిమాలి తెచ్చిన కోడిగుడ్ల అట్టలు గోడల నిండా అతికించాను. చూడటానికి వచ్చిన మా అత్త గది మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసి, "ఏమప్పా, కోళ్లు సాకల్లనుకుంటాండావా ఈడ?" అని అడిగింది.

టేపురికార్డరూ స్పీకర్లూ అప్పటికే కొన్నాను. ఇక ఆంప్లిఫయరే తక్కువ. హిందూపురం బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు పెనుకొండలో టెంటు సినిమాకు సౌండు చూసుకునేవాడట. అందరూ వాల్వు మామ అనేవాళ్లు, నేనూ అట్లే పిలిచేవాణ్ణి. నా కోరిక విని ఆయన చేతిలో పని పక్కన పెట్టేశాడు. "ఇన్నాళ్లకు దీన్ని అడిగే మనిషి వచ్చినాడు. నేను చేసిస్తానప్పా. తొందర మాత్రం పెట్టొద్దు" అన్నాడు. మూడు నెలలు పట్టింది. ట్రాన్స్‌ఫార్మరుకు రాగితీగ చేత్తోనే చుట్టాడు. చుట్టేటప్పుడు ఎవరు పలకరించినా జవాబిచ్చేవాడు కాదు, లెక్క తప్పుతుందని.

ఒక ఆదివారం పొద్దున తువ్వాల్లో చుట్టుకొని తెచ్చాడు. విప్పి చూస్తే బూడిదరంగు రేకుపెట్టె. వాల్వులు లోపలెక్కడో ఉన్నాయి, పైన గాలికని నాలుగు బెజ్జాలు. స్విచ్చి వేస్తే ఏమీ పలకలేదు. "రవ్వంత నిదానించు. వాల్వులు వేడెక్కల్ల" అన్నాడు. అర నిమిషం తర్వాత పాట వచ్చింది. వంటింట్లోంచి నా భార్య తడిచేతులతోనే వచ్చి గది వాకిట్లో నిలబడి, "ఎవరో ఇంట్లోకొచ్చి పాడినట్ల ఉండాది" అంది. నాకూ సరిగ్గా అట్లే అనిపించింది. ఆ మాట అనేసి ఉంటే ఈ కథే లేదు. కానీ నేను కళ్లు మూసుకొని, పత్రికలో చదివినట్టు తల పక్కకు వంచి, "బాగుంది కానీ మామా, పై స్వరాల్లో గాలి ఆడటం లేదు" అన్నాను. ఆయన పెట్టె వైపు, గోడల మీది అట్టల వైపు చూసి, "గాలా? చూస్తాలే అప్పా" అన్నాడు. మళ్లీ తువ్వాల్లో చుట్టుకొని తీసుకుపోయాడు. నిజం చెప్పాలంటే నాకు నచ్చనిది ఆ రేకు. వాల్వులు కొన్నాక అవి వెలుగుతూ పదిమందికీ కనబడకపోతే ఎట్లా?

మరుసటి ఆదివారం ఆయనకు చెప్పకుండా బెంగుళూరు వెళ్లి ఇంకోటి తెచ్చుకున్నాను. టేకు పెట్టె, ఇత్తడి గుండీలు, పైన నాలుగు వాల్వులు వరసగా దీపాల్లాగా. స్విచ్చి వేసీ వేయకముందే పాట. ఆ పై ఆదివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్లను నలుగురిని ఇంటికి పిలిచాను. వాల్వు మామనూ పిలిచాను. (మంచి సౌండంటే ఏమిటో ఆయనకూ తెలియాలి కదా అని. ఇప్పుడు ఈ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.) ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. పాట మొదలు కాగానే వంగి వాల్వులను చూశాడు. వాటి మీద అరచెయ్యి కాసేపు ఆనీ ఆనకుండా పెట్టాడు.

"వేసిన గడియకే పలికిందే" అన్నాడు.

"కొత్త రకం మామా. కాచుకొనే పని లేదు. వేడి కూడా ఉండదు."

నన్ను ఒకసారి చూశాడు, కూర్చున్నవాళ్లను చూశాడు. "బాగుండాదప్పా" అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆయనంతటివాడే ఒప్పుకున్నాడని నేను ఆఫీసులో వారం రోజులు చెప్పుకున్నాను. ఆయన అంగడి ముందు నుంచి పోవడం మాత్రం ఎందుకో మానేశాను.

ఆరేళ్ల తర్వాత ఆ పెట్టె మూగబోయింది. అప్పటికి మామ అంగడి మూసేసి ధర్మవరంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. పెనుకొండలో టీవీలు బాగుచేసే మెకానిక్కుకు ఇచ్చాను. అతను అడుగు విప్పి, నన్ను దగ్గరికి పిలిచాడు. "సార్, ఈ వాల్వులకు వైర్లే లేవు. కింద ఎర్ర బల్బులు పెట్టినారు, చూసేకి. పాడేదంతా ఈ ట్రాన్సిస్టర్ల ఐసీ ముక్క" అన్నాడు. ఆరేళ్లు కళ్లు మూసుకొని నేను విన్న వెచ్చదనం అదన్నమాట. మొదట నవ్వొచ్చింది. ఆ వాల్వుల మీద మామ పెట్టిన అరచెయ్యి గుర్తుకొచ్చి, ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది.

ఆ ఆదివారమే ధర్మవరం వెళ్లాను. కూతురు లోపల మగ్గం నేస్తోంది. మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. చెవులు బాగా మందగించాయి. నా తప్పును వీధికంతా వినబడేలా అరిచి చెప్పుకోవలసి వచ్చింది. లోపల మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నీకు ఆ పొద్దే తెల్సు కదా మామా?"

"తెల్సు."

"మరి ఎందుకు చెప్పలా?"

"పదిమందిని కూర్చోబెట్టుకొని ఉంటివి. మీ ఆడమనిషి కాఫీ ఇస్తాండె. ఎట్ల చెప్పేది?"

రేకుపెట్టె ఏమైందని అడిగాను. "నువ్వు గాలి అంటివే, దానికోసరం తీగ మల్లా రెండుతూర్లు చుట్టినా. నువ్వు రాకపోతివి. విప్పి రేడియోలకు వాడేసినా" అన్నాడు మామూలుగా, ఎవరి సంగతో చెప్పినట్టు. ఇంకోటి చేసివ్వమని అడుగుదామని వెళ్లినవాణ్ణి, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకొని నా నోటివైపే చూస్తున్న ఆ మనిషిని ఏమని అడిగేది? కూతురు ఉగ్గాని చేసి పెడితే తిని వచ్చేశాను.

సాయంత్రం ఇల్లు చేరి నా భార్యకు జరిగిందంతా చెప్పాను. ఆమె శెనక్కాయలు వలుస్తూ తలెత్తకుండా వింది.

"నాకు తెల్సు" అంది.

"ఎట్ల?"

"వచ్చిన నెలలోనే దుమ్ము తుడుస్తాంటే ఒక బుడ్డి ఊడి చేతికొచ్చినాది. పాట పాడతానే ఉండాది. మల్లా దాంట్లోనే పెట్టేసినా."

"నేను యాడికి పోయినా అప్పుడు?"

"నువ్వు ఆడనే ఉంటివి. కండ్లు మూసుకొని తల ఊపుతాంటివి."