ముసలోడు సరిచేసిన లైను

ఆ రోజుల్లో కంప్యూటరు కోడు రాసేవాడికి తనంత తెలివైనవాడు భూమ్మీద లేడన్న నమ్మకం ఉద్యోగంతో పాటే వచ్చేది. నాకు కాస్త ముందే వచ్చింది. సింగపూర్ సైన్స్ పార్కులో ఒక చిన్న కంపెనీ మాది. ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నిటికీ ఇంటర్నెట్ పంచే పెట్టెలు అమ్మేవాళ్లం. లోపలి సాఫ్ట్‌వేరు మాది కాదు, ఎవరెవరో రాసి లోకానికి ఉచితంగా వదిలినది. దానికి నాలుగు మార్పులు చేసి, పైన మా పేరు అంటించేవాళ్లం. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే: పెట్టె కొన్నవాడు అడిగితే, మా మార్పులతో సహా కోడంతా చేతిలో పెట్టాలి. "ఎవరడుగుతారు లా!" అనేవాడు బాస్ సింగపూర్ యాసలో.

నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించింది అక్కడే నాకు సీనియరైన గుంటూరు అన్న. యీషున్‌లో ఆయన ఫ్లాట్‌లోనే, ఆయన వండిన పప్పుచారు తింటూ ఉండేవాణ్ణి. ఆఫీసులో మాత్రం నేను రాసిన ప్రతి లైనూ చూసి "మళ్లీ రాయరా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. మొహం మీద అనే ధైర్యం లేక, కోడు మధ్యలో, యంత్రం పట్టించుకోని వ్యాఖ్యల్లో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి కసి తీర్చుకునేవాణ్ణి. (అన్న చూసి సరే అన్నాకే చేర్చేవాణ్ణి. నా తెలివంతా అక్కడే ఖర్చయింది.) అందులో ఒకటి: "ఈ చాదస్తపు ముసలోడి పోరు పడలేక ఇలా రాశాను. పనిచేయకపోతే ఆయన్నే అడగండి."

ఒకరోజు ఒక కస్టమరు ఉత్తరం రాశాడు. పెట్టె మాటిమాటికీ ఆగిపోతోంది, కోడు ఇస్తే నేనే చూసుకుంటాను, అని. బాస్ దాన్ని చెత్తబుట్టలో వేయబోతే అన్న అడ్డుపడ్డాడు, ఇచ్చి తీరాలన్నాడు. బయటికిచ్చే ముందు అన్న కోడంతా తిరగేస్తే నా వ్యాఖ్యలు దొరికిపోతాయి. "అది మన కంపెనీ రహస్యం బాస్!" అని అరిచాను. బాస్ మురిసిపోయి నా భుజం తట్టాడు.

సాయంత్రం రైల్లో అన్న అడిగాడు. "ఇదేందిరా, నువ్వు గూడా అట్టా అంటావ్? ఆ ఫ్రీ కోడు చదివే గదరా మనం పని నేర్చుకుంది?"

"పోటీ కంపెనీవాళ్లు కాపీ కొడతారన్నా," అన్నాను. నిజం చెప్పి కాళ్లు పట్టుకోవడానికి యీషున్ దాకా టైముంది. పట్టుకోలేదు.

మూడు రోజులు పోరు పెట్టి అన్న బాస్‌ని ఒప్పించాడు. అమ్మిన కోడు అమ్మినట్టే ఇవ్వాలని తన బీరువాలో దాచిన సీడీ తీశాడు. దాంతోపాటు తప్పు దిద్దిన కోడు కూడా ఇద్దామన్నాడు.

"నేను చేస్తానన్నా," అని ఎగబడ్డాను.

"నీకెందుకులేరా శ్రమ," అని ఒక్కో ఫైలూ తనే చదివాడు. రెండు రోజులు ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో పప్పుచారు మామూలుగానే వడ్డించాడు. నెల తిరక్కుండా వేరే ఉద్యోగం చూసుకుని ఊరి అవతలి కొసన జురాంగ్ ఈస్ట్ వెళ్లిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లే హాకర్ సెంటర్లో నాకోసం కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపేవాడు లేకుండా పోయాడు. చూసి ఉండడులే అని ఏళ్లతరబడి నన్ను నేను మభ్యపెట్టుకున్నాను.

మొన్న ఆ కోడు నెట్‌లో కనబడింది. ఒకసారి బయటికిచ్చాక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. నా వ్యాఖ్య అక్షరం పోకుండా అలాగే ఉంది. దాని కింద నా తప్పు దిద్ది, అదే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో అన్న రాశాడు: "అడిగారు. సరిచేశాను."

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. నాకిప్పుడు యాభై దాటింది. ఆ ముసలోడికి అప్పుడు ముప్పై రెండు.