సొరతీగ కింద అలిగిన మనిషి

మా ఆయన రిటైరైన బడిపంతులు. ఆళ్లగడ్డలో మా చర్చిలో ఆదివారం వాక్యం చదివే పని మా పెళ్లికి ముందు నుంచీ ఆయనదే. ఇంట్లో "నా అద్దాలు యాడ పెట్నావు?" అని అరిచే మనిషి, బైబిలు తెరిచాడంటే గొంతు మారిపోయేది. నాటకంలో రాజు వేషం కట్టినవాళ్లు కూడా అంత గంభీరంగా పలకరు. ఆ గొంతంటే ఆయనకు ప్రాణం. నాకూ ఇష్టమే. ఆ సంగతి తెలిస్తే ఇక భూమ్మీద నిలవడని పైకి చెప్పలేదు.

నేను నంద్యాలలో కాలేజీ పిల్లలకు తెలుగు చెబుతాను. రోజూ బస్సులో పోయి వస్తాను. బైబిలును కథలుగా చదువుతానని ఆయనకు నా మీద మొదటి నుంచీ గుర్రు. నాకు తెలిసి మనిషి గర్వాన్ని ఇంతగా ఆటపట్టించిన పుస్తకం ఇంకొకటి లేదు. నా అంతవాడు లేడన్న రాజు గొడ్డులా గడ్డి మేస్తాడు. నీ కోసం ప్రాణమిస్తానన్న శిష్యుడు, కోడి కూసేలోగా ఆయనెవరో నాకు తెలియదంటాడు. తమ పెద్దల పరువు తక్కువ సంగతులను దాచకుండా రాసుకున్నారే, ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. ఈ మాట ఎత్తితే చాలు, భక్తితో చదవాల్సింది నీ క్లాసులో పాఠం కాదని ఆయన కొట్టిపారేసేవాడు.

పోయిన ఏడాది ఆయన కళ్లకు శుక్లాలొస్తే నంద్యాలలో ఆపరేషన్ చేయించాం. కొన్నాళ్లు చదవకూడదన్నారు. ఆ కొన్నాళ్లకని పాస్టరుగారు వాక్యం చదివే పనిని మా వీధి కోడలు పిల్ల ఒకామెకు అప్పగించారు. పత్తి తీయడానికి, కలుపుకు పోయే పిల్ల. పెళ్లయి వచ్చాకే అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టుకుని, ఒక్కో మాట దగ్గర ఆగి ఆగి చదువుతుంది. అయితే ఏం, తమతో పాటు కూలికి వచ్చే మనిషి చదువుతోందని ఆడవాళ్లంతా ముందుకు జరిగి మరీ వినసాగారు. పాస్టరుగారు అది చూసి ఒకరోజు మా ఇంటికి వచ్చారు. ఇకమీదట కూడా ఆ అమ్మాయినే చదవనిద్దామా సార్ అని మెల్లగా అడిగారు. మా ఆయన మర్యాదగా సరేనన్నాడు, కాఫీ కూడా ఇప్పించాడు. పాస్టరుగారు వీధి మలుపు తిరిగాక మాత్రం నా వైపు తిరిగాడు.

"ఆ పిల్ల సదివినన్నాళ్లూ నేను ఆ గడప తొక్కను."

అన్నంత పనీ చేశాడు. ఆదివారం నేనొక్కదాన్నే పోయేదాన్ని. చర్చి మైకులోంచి ఆ అమ్మాయి గొంతు మా వసారా దాకా వస్తుంది కాబట్టి, ఆ వేళకు ఆయన టీవీ సౌండు పెంచేవాడట. పక్కింటివాళ్లు చెప్పారు. మొదట నవ్వుకున్నాను గానీ వారాలు గడిచేకొద్దీ నాకు భయం పట్టుకుంది. ఆయనకున్న స్నేహితులంతా ఆ చర్చిలోనే ఉన్నారు. పెళ్లికీ చావుకూ కలిసి నడిచిన మనుషులు. ఇలాగే బిగుసుకుపోతే వాళ్లకు ముఖం చూపించడానికే మొహమాటపడి, ఇంట్లో ఒంటరిగా ముడుచుకుపోతాడేమో అనిపించింది. చెబితే వినే రకం కాదు.

కళ్లు కుదుటపడే దాకా సాయంత్రాలు నేనే ఆయనకు చదివి వినిపించాను. ఒకరోజు దిద్దాల్సిన పేపర్లు చాలా ఉండి, త్వరగా ముగుస్తుందని చేప మింగిన ప్రవక్త కథ తీశాను. శత్రువుల పట్నానికి పోయి, మీరు నాశనమవుతారని చెప్పమంటాడు దేవుడు. ప్రవక్త పారిపోతాడు, చేప కడుపులో పడతాడు, బయటపడి చివరికి పోయి చెబుతాడు. ఊరు ఊరంతా మారిపోతుంది. దేవుడు క్షమించేస్తాడు. తన మాట వమ్మయిందని ప్రవక్త అలిగి ఊరి బయట కూర్చుంటాడు. నెత్తి మీద సొరతీగ అల్లుకుని నీడనిస్తే మురిసిపోతాడు. తెల్లారి పురుగు పట్టి అది వాడిపోతే, చచ్చిపోతానంటాడు.

మా ఆయన ఎన్నోసార్లు చదివిన కథే. కాకపోతే చదివేటప్పుడు చెవి తన గొంతు మీదే ఉండేది. ఊరికే కూర్చుని వినడం అదే మొదటిసారి. పడీ పడీ నవ్వాడు.

"ఊరంతా బతికితే సంతోషపడకుండా, సొరసెట్టు కోసం ఏడుస్తాండాడే. ఏం మనిషప్పా ఈయన."

నేను చదువుతూ పోయాను. నువ్వు నాటని, నీళ్లు పోయని తీగ మీదే నీకింత జాలి ఉంటే, కుడి ఎడమలు తెలియని ఇంతమంది మనుషుల మీద, వాళ్ల గొడ్ల మీద నాకుండదా అని దేవుడు అడుగుతాడు. అంతే, కథ అక్కడితో ఆగిపోతుంది. ప్రవక్త ఏమన్నాడో రాయలేదు. నేనైతే ప్రవక్త చేత తల వంచించి, దణ్ణం పెట్టించి ముగించేదాన్ని. రాసినాయన నాకంటే గడుసువాడు. జవాబు విన్నవాళ్లకు వదిలేశాడు.

మా ఆయన నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కడాది, ఆ చివరి ప్రశ్న, మళ్లీ చదవమన్నాడు. చదివాను. లేచి పెరట్లోకి పోయాడు. నేను పేపర్లు ముందేసుకున్నాను.

ఆ ఆదివారం నేను చీర కట్టుకుని వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆలస్యమవుతోందని నన్నే కసిరాడు. చర్చిలో మగవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చున్నాడు. ఆ రోజు చదవాల్సిన అధ్యాయం నిండా పేర్లే. సగంలో ఒక పొడుగాటి పేరు దగ్గర ఆ అమ్మాయి ఆగిపోయింది. వేలు అక్కడే నిలిచింది. నలుగురైదుగురు వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూశారు. ఆయన తల వంచుకుని, గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఎలాగో కూడబలుక్కుని, తప్పుగానే పలికి ముందుకు పోయింది.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆమే భయపడుతూ ఎదురొచ్చింది.

"సార్, ఆ పేరు తప్పు సదివినా కదా?"

"నాకూ ఆ పేరుకు నోరు తిరగదులేమ్మా. నువ్వు బాగా సదువుతాండావు."

ఇన్నేళ్లలో ఆ పేరు దగ్గర ఆయన నోరు ఒక్కసారైనా తడబడింది లేదు. బైబిలు చేతిలో పట్టుకుని, చర్చి గుమ్మంలోనే అంత పచ్చి అబద్ధమాడిన మొగుణ్ణి చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను.